ఎర్ర షెవెల్ కింద పచ్చ రంగు: పాత అమెరికన్ కారు అసలుదో కాదో తేల్చేదెలా?

సెకండ్ హ్యాండ్ బండి కొని ఆర్సీ పేరు మార్పించుకున్నవాళ్లకు ఒక తంతు గుర్తుండే ఉంటుంది. చాసిస్ నంబరు మీద సన్న కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది, అచ్చు తీసి ఫారానికి అంటిస్తారు. ఆ కాగితం ముక్క ఎందుకో అప్పట్లో ఎవరం ఆలోచించం. మిషిగన్‌లో ఒక చలి ఉదయం, ముక్కూమొహం తెలియనివాళ్ల గ్యారేజీలో అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని, ఫోన్ టార్చి వేసి ఇంజిన్ మీద అంకెలు వెతుకుతుంటే నాకు ఆ పెన్సిలే గుర్తొచ్చింది.

మా బాబాయి కొడుకు నోవైలో ఉంటాడు. ఏటా ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైంది, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అంటారు. నాలుగైదేళ్లు కుర్చీ వేసుకుని చూశాక వాడికీ ఒకటి కావాలనిపించింది. వెతగ్గా వెతగ్గా 1969 షెవర్లే షెవెల్ దొరికింది. నిగనిగలాడే ఎరుపు, గ్రిల్ మధ్యలో ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్) 396 బ్యాడ్జి. “అన్నయ్యా, ఒరిజినల్ ఎస్‌ఎస్ అంటున్నాడు. డబ్బు కట్టేముందు ఒకసారి వచ్చి చూడవా” అని ఫోన్ చేశాడు.

ఆ “ఒరిజినల్” అనే మాట దగ్గరే చిక్కంతా. 1969లో షెవెల్ మాలిబూ అంటే మామూలు కుటుంబం కొనుక్కునే కారు. వి8 కావాలన్నవాళ్లకు మొదట దొరికేది 307 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అంటే మన లెక్కలో 5 లీటర్లు, 200 హార్స్‌పవర్. అదే బాడీలో 396 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజిన్ (ఆరున్నర లీటర్లు, కనీసం 325 హార్స్‌పవర్), గట్టి వెనక హౌసింగ్ (వెనక ఇరుసు గేర్లుండే పెట్టె), ముందు చక్రాలకు పవర్ డిస్క్ బ్రేకులు వేసి అమ్మింది ఎస్‌ఎస్ 396. బయటి రేకు దాదాపు ఒకటే. బ్యాడ్జీలు, గ్రిల్, బానెట్ అన్నీ ఇవాళ కొత్తవి తయారై పోస్టులో ఇంటికొస్తాయి. ధరలో తేడా మాత్రం వేల డాలర్లు. కాబట్టి మాలిబూని ఎస్‌ఎస్‌గా మార్చేవాళ్లు యాభై ఏళ్లుగా ఉన్నారు. ఇలాంటివాటిని క్లోన్ అంటారు, మర్యాదగా చెప్పాలంటే ట్రిబ్యూట్. నా మట్టుకు నాకు, చెప్పి అమ్మితే ట్రిబ్యూట్, చెప్పకుండా అమ్మితే మోసం. బండి రెండు చోట్లా అదే.

దూరం నుంచి ఏడాది చెప్పడం అంత కష్టం కాదు. కారు పక్కల, ముందు చక్రానికి ముందూ వెనక చక్రానికి వెనకా, చిన్న లైటో రిఫ్లెక్టరో ఉంటే అది 1968 మోడల్ లేదా ఆ తర్వాతది. అమెరికా ప్రభుత్వం అప్పటినుంచే వాటిని తప్పనిసరి చేసింది. తోక రెక్కలు 1948 కాడిలాక్‌తో మొలిచి 1959 కాడిలాక్‌లో ఆకాశాన్నంటాయి. 1955, 56, 57 షెవర్లేలు ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. వాటిలో ఏది ఏదో తేలాలంటే సెడాన్ల పెట్రోల్ మూత వెతకండి. 56లో ఎడమ టెయిల్ లైటు వెనక దాక్కుంటుంది, 57లో ఎడమ రెక్క చివర క్రోమ్ పట్టీ వెనక. బంకులో పనిచేసే కుర్రాళ్లు అప్పట్లో ఎంత తిట్టుకున్నారో!

ఒక్క జాగ్రత్త. మోడల్ ఏడాది వేరు, క్యాలెండర్ ఏడాది వేరు. 1969 మోడల్ 1968 చివర్లోనే షోరూముకు వచ్చేస్తుంది. ఫోర్డ్ మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనం ముందుకొచ్చింది. అందుకని తొలి బళ్లను అరవై నాలుగున్నర అంటూ ముద్దుగా పిలుస్తారు. కానీ ఫోర్డ్ వాటి చాసిస్ నంబర్లో కొట్టింది 5, అంటే 1965. ఆ అర ఏడాది అభిమానుల లెక్కలో ఉంది కానీ కాగితాల మీద లేదు.

నంబరు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

1981 నుంచి అన్ని కంపెనీలకూ 17 అక్షరాల విన్ నంబరు (మనం చాసిస్ నంబరు అనేదే) ఒకే పద్ధతిలో ఉంది. అంతకుముందు ఎవరి గోల వారిది. ఫోర్డ్ కాస్త నిజాయితీపరురాలు. తొలి మస్టాంగ్ నంబర్లో 5 అంటే 1965, తర్వాత ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, 08 అంటే కన్వర్టిబుల్, ఆ తర్వాతి అక్షరం ఇంజిన్. అక్కడ కె ఉందంటే 271 హార్స్‌పవర్ల 289 ఇంజిన్, చూసినవాళ్ల గుండె ఒక్కసారి ఆగుతుంది. క్రైస్లర్ బళ్లూ అంతే. 1970లో ఐదో అక్షరం ఆర్ అయితే పుట్టుకతో 426 హెమీ ఇంజిన్ ఉన్నట్టు. ఇక ఎన్ని బ్యాడ్జీలు పీకినా, అంటించినా నంబరు మారదు.

షెవర్లే దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. మా వాడు చూపించిన కారు నంబరు 136379బి అని మొదలైంది. 1 అంటే షెవర్లే, 36 అంటే వి8 ఉన్న మాలిబూ, 37 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, 9 అంటే 1969, బి అంటే బాల్టిమోర్ ఫ్యాక్టరీ. ఎస్‌ఎస్ ఎక్కడుంది? ఎక్కడా లేదు. 1966 నుంచి 68 దాకా ఎస్‌ఎస్ 396 ఒక ప్రత్యేక సిరీస్, దాని నంబరు 138తో మొదలయ్యేది. 1969లో దాన్ని ఆప్షన్‌గా మార్చేశారు. అంటే మాలిబూ కొని, ఆర్డర్ ఫారంలో ఇంకో గడి టిక్ చేస్తే ఎస్‌ఎస్. నంబరు మాత్రం మాలిబూదే. ఇంజిన్ ఏదో తెలిపే అక్షరం జీఎం (షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్) బళ్ల నంబర్లోకి వచ్చింది 1972లో. 136 చూసి “ఇది మాలిబూ, ఎస్‌ఎస్ కాదు” అనేవాడూ తప్పే, “136లో ఎస్‌ఎస్ ఉండొచ్చు కదా, కాబట్టి ఇది ఎస్‌ఎస్” అనేవాడూ తప్పే.

పాత రికార్డులు చూసుకోవచ్చు కదా అంటారా? జీఎందే ఇంకో బ్రాండు పాంటియాక్ అయితే చూసుకోవచ్చు. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్లు 1961 నుంచీ ఆ బళ్ల ఇన్వాయిసుల కాపీలు ఇస్తారు. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్‌లకు, ఫ్యాక్టరీ రికార్డుల నుంచి తీసిచ్చే మార్టీ రిపోర్ట్ ఉంది. కెనడాలో అమ్మిన జీఎం బళ్లకు అక్కడి కంపెనీ కాగితాలు ఇస్తుంది. అమెరికాలో అమ్మిన షెవెల్‌కి అలా అడిగి తెచ్చుకునే దారి లేదు. మొదటి ఓనరు దాచుకున్న బిల్లో, గ్యారంటీ పుస్తకంలోని చిన్న లోహపు రేకో, ఫ్యాక్టరీలో వర్కర్ల కోసం ప్రింటు తీసి బండిలోనే వదిలేసిన బిల్డ్ షీటో ఉండాలి. ఈ బిల్డ్ షీటు చిత్రమైన చోట్ల దొరుకుతుంది. సీటు స్ప్రింగుల్లో చిక్కుకుని ఉంటుంది, పెట్రోల్ ట్యాంకు నెత్తిన పడుకుని ఉంటుంది.

అమ్మేవాళ్ల దగ్గర ఇవేవీ లేవు. దాంతో నేను కిందికి దూరాల్సొచ్చింది.

ముందు వెనక హౌసింగ్ మూత బోల్టులు లెక్కపెట్టాను. ఎస్‌ఎస్ 396కి పన్నెండు బోల్టుల హౌసింగ్ వచ్చేది, మామూలు మాలిబూకి పది. రెండుసార్లు లెక్కపెట్టినా పదే. “ఎప్పుడో పాడైతే మార్చి ఉంటారు” అన్నారు అమ్మేవాళ్లు. నిజమే, అలా జరగొచ్చు కూడా. యాభై ఏళ్లలో ఏదైనా జరగొచ్చు.

తర్వాత బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) మీద ఉన్న చిన్న ట్రిమ్ ట్యాగ్ చూశాం. బాడీ తయారైన తేదీ, పెయింటు, సీటు కవర్ల కోడ్‌లు అందులో ఉంటాయి. తేదీ దగ్గర 02సి. ఫిబ్రవరి, మూడో వారం. పెయింటు దగ్గర 57, 57. మా వాడు ఫోన్లో చార్టు తీశాడు. 57 అంటే ఫాథమ్ గ్రీన్, ముదురు ఆకుపచ్చ. వెనక సీటు ఎత్తి చూస్తే మూలల్లో పచ్చ రంగు అలాగే ఉంది. ఎర్ర రంగు ఎవరో తర్వాత వేయించిందే.

అసలు సంగతి ఇంజిన్ దగ్గర బయటపడింది. షెవర్లే ఇంజిన్ బ్లాకు మీద రెండు రకాల తేదీలుంటాయి. మొదటిది పోత పోసిన రోజు. ఇది అచ్చులోంచే ఉబ్బెత్తుగా వస్తుంది. నెలకో అక్షరం, జనవరికి ఎ, డిసెంబరుకి ఎల్. తర్వాత తారీఖు, చివర ఏడాదిలోని ఆఖరి అంకె. రెండోది ఇంజిన్ బిగించిన రోజు. ఇది కుడివైపు సిలిండర్ హెడ్ ముందు, వేలెడంత చదును మీద సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. దాని పక్కనే బండి విన్ నంబర్లోని కొంత భాగం కూడా కొడతారు. అందరూ గొప్పగా చెప్పుకునే “నంబర్స్ మ్యాచింగ్” అంటే ఇదే, ఇంజిన్ మీద కొట్టిన ముక్కా డ్యాష్‌బోర్డు మీది నంబరూ ఒకటి కావడం.

లెక్క సులువు. పోత ముందు, బిగింపు తర్వాత, అది బండిలోకి ఎక్కడం ఆ తర్వాత. మాకు కనిపించిన పోత తేదీ: జె 14 9. అంటే 1969 అక్టోబరు 14. బాడీ తయారైంది ఫిబ్రవరిలో. బిడ్డకన్నా ఎనిమిది నెలలు చిన్న గుండె! గుడ్డతో జిడ్డు తుడిచి చదును చూస్తే టి1027, టోనవాండా ఫ్యాక్టరీలో అక్టోబరు 27న బిగించారు. పక్కన విన్ ముక్క 10కె అని మొదలైంది. షెవర్లే, 1970 మోడల్, కాన్సాస్ సిటీ. ఇది వేరే బండి ఇంజిన్. ఇంకో తమాషా ఏమిటంటే, 1970 మోడల్‌కి వచ్చేసరికి జీఎం సిలిండర్ బోరు కాస్త పెంచి 402 క్యూబిక్ అంగుళాలు చేసింది, బ్యాడ్జి మాత్రం 396గానే ఉంచేసింది. అంటే కంపెనీ బ్యాడ్జీ కూడా పూర్తి నిజం చెప్పలేదన్నమాట.

ఇంతకీ ఆ కారు ఎస్‌ఎస్ కాదని తేలిందా? తేలలేదు. ఇంజిన్, హౌసింగ్ రెండూ పోగొట్టుకున్న నిజమైన ఎస్‌ఎస్ కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. ఇంజిన్ ఈ బండిది కాదు అని తేల్చడానికి ఒక్క తేదీ చాలు. బండి ఎస్‌ఎస్సే అని తేల్చడానికి మాత్రం ఫ్యాక్టరీ కాగితమే కావాలి. రుజువు చూపించాల్సింది ఎక్కువ ధర అడిగేవాళ్లు. కాగితం లేదు కాబట్టి మాలిబూ ధరే ఇస్తామన్నాం. రెండు వారాలు మౌనంగా ఉండి, చివరికి ఒప్పుకున్నారు.

డబ్బు కట్టేముందు చూసింది ఇంకొకటుంది, విన్ ప్లేటు రివెట్లు. 1960ల మధ్య నుంచి జీఎం పూరేకుల్లాంటి ఆరు అంచుల రివెట్లు వాడింది. వాటి చోట మామూలు హార్డ్‌వేర్ షాపు రివెట్లుంటే ఆ బండి జోలికి పోకపోవడం మంచిది. ఒక బండి ప్లేటు పీకి ఇంకోదానికి బిగించడం అమెరికాలో ఫెడరల్ నేరం. ఇవాళ ఇది ఇంకా ముఖ్యం. మస్టాంగ్, కమారో లాంటివాటికి పూర్తి బాడీ షెల్లు కొత్తగా తయారై దొరుకుతున్నాయి, నిన్న మొన్న పుట్టిన రేకుకి 1969 నంబరు తగిలించాలన్న ఆశ కొందరికి పుడుతుంది.

రిస్టోర్ చేస్తూ చేస్తూ చెరిపేయడం

ఈ రంగంలో నేను చూసిన పెద్ద పొరపాట్లు డబ్బు లేక జరిగినవి కావు, తొందరపడి జరిగినవి. నాకు తెలిసిన ఒకాయన తన నంబర్స్ మ్యాచింగ్ ఇంజిన్‌ని రీబోర్ చేయించడానికి ఒక షాపులో ఇచ్చారు. మన ఊళ్లో బోరింగ్ వర్క్స్ అంటామే, అలాంటిది. వాళ్లు పద్ధతిగా హెడ్ కూర్చునే ఉపరితలాన్ని మిల్లింగ్ చేసి అద్దంలా ఇచ్చారు. తేదీ, విన్ ముక్క ఉండే చదును కూడా అదే మట్టంలో ఉంటుంది. కట్టర్ దాని మీద నుంచీ పోయింది. ఇంజిన్ కొత్తదానిలా నడుస్తోంది కానీ ఇప్పుడది ఎవరి ఇంజినో చెప్పేదే లేదు. ఫ్యాక్టరీ యంత్రం వదిలే సన్నని సమాంతర గీతలు అక్కడ లేకపోతే, తర్వాత కొట్టించిన నంబరుని అనుభవమున్నవాళ్లు నమ్మరు. చదును జోలికి పోవద్దని షాపువాళ్లకు ముందే రాసివ్వాలి, అప్పగించేముందు ఫోటో తీసుకోవాలి.

తుప్పు సంగతి చెప్పాలంటే మిషిగన్ రోడ్లే చెప్పాలి. చలికాలమంతా ఉప్పు చల్లుతారు, అది కింద చేరి రేకుని తినేస్తుంది. అందుకే అరిజోనా లాంటి పొడి రాష్ట్రం బండికి గిరాకీ, సీట్లూ డ్యాష్‌బోర్డూ ఎండకి పగిలిపోయినా సరే. కొనేటప్పుడు మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకోండి. వెనక చక్రాల పైభాగం, తలుపుల అడుగు, వెనక అద్దం కింది అంచు, డిక్కీ మూలలు ఒక్కొక్కటీ తాకిస్తూ పోవాలి. అయస్కాంతం పట్టు వదిలిన చోట రంగు కింద పుట్టీ ఉన్నట్టే. మస్టాంగ్‌కి ఇంకో జబ్బుంది. ముందు అద్దం కింద గాలి లోపలికొచ్చే పెట్టె తుప్పు పడితే వాన నీళ్లు నేరుగా కాళ్ల మీద పడతాయి, కార్పెట్ కింద నేల కుళ్లుతుంది.

షెవెల్‌కి బాడీ వేరు, కింద ఫ్రేమ్ వేరు. బోల్టులు విప్పి బాడీని పైకెత్తి రెండింటినీ విడివిడిగా బాగుచేయొచ్చు. ఇంత పని అందరికీ అవసరం లేదు, మొదలుపెట్టి గ్యారేజీలో డబ్బాలుగా మిగిలిపోయిన బళ్లే ఎక్కువ. టింకరింగ్‌కి ముందు రంగు తీయడానికి ఇసుక కొట్టిస్తే జాగ్రత్త, పెద్ద పలకలు వేడెక్కి అప్పడంలా వంకర తిరుగుతాయి. మెత్తటి పదార్థంతో కొట్టించడమో రసాయనంలో ముంచడమో మేలు.

పెయింటు దగ్గర ఇంకో వింత. ఆ రోజుల్లో జీఎం వేసింది అక్రిలిక్ లాకర్. అక్కడక్కడా నారింజ తొక్కలా గరుకు, కింది భాగాల్లో చిందిన రంగు, ఫైర్‌వాల్ మీద వర్కర్లు మైనపు పెన్సిల్‌తో గీసిన గుర్తులు ఉండేవి. ఇవాళ్టి క్లియర్ కోటు అద్దంలా మెరుస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు కూడా లేనంత అందంగా తయారైన బండిని ఓవర్ రిస్టోర్డ్ అని పాత కార్ల పోటీల్లో జడ్జీలు పక్కన పెట్టడమూ ఉంది. 1935లో పుట్టిన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా అయితే, ఎవరూ చేయి పెట్టని బళ్లకు వేరే తరగతే పెట్టింది. వెలిసిన రంగుతో, చిరిగిన సీటుతో వచ్చినా అక్కడ వాటికి గౌరవం. అసలు రంగు సగానికి పైగా మిగిలి ఉంటే, నేనైతే పెయింటు షాపు గడప తొక్కను.

ఇంజిన్ లోపల మాత్రం పట్టుదలకు పోకూడదు. ఆ కాలపు పెట్రోల్లో సీసం ఉండేది, అది వాల్వు సీట్లను కాపాడేది. ఇప్పుడది లేదు. హెడ్ విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించుకోవాలి. ఎథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది, అవీ మార్చాలి. కొత్త క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) వేస్తే జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, మొదటి స్టార్టులోనే 2000 ఆర్పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి. స్టార్టయిందన్న సంతోషంలో ఐడ్లింగ్‌లో వదిలేస్తే, ఫోటోలు దిగేలోపు క్యామ్ లోబులు అరిగిపోతాయి.

కోయాలా వద్దా

మార్పులంటే ముఖం చిట్లించేవాళ్లున్నారు. కానీ అమెరికాలో కారుని మార్చుకోవడం కారంత పాత అలవాటు. 1932 ఫోర్డ్ వి8ని తేలిక చేసి ఎండిన సరస్సుల మీద పందేలు తోలిన కుర్రాళ్ల నుంచి హాట్ రాడ్ వచ్చింది. 1949-51 మెర్క్యురీల కప్పు కోసి కిందికి దించి, అతుకుల్ని కరిగిన సీసంతో నింపినవాళ్ల నుంచి లెడ్ స్లెడ్ వచ్చింది. లాస్ ఏంజెలెస్ మెక్సికన్ అమెరికన్లు నేలకి ఆనేలా దించిన ఇంపాలాలు లోరైడర్లు. అవి ఇప్పుడు వాటంతట అవే చరిత్ర. అలాంటి పాత హాట్ రాడ్‌ని పట్టుకొచ్చి ఫ్యాక్టరీ రూపానికి తిప్పితే, అదీ చెరిపేయడమే.

ఇవాళ ఎక్కువగా వినిపించేది రెస్టోమాడ్. పైకి 1969, లోపల ఇప్పటి కారు. 1997 కార్వెట్‌తో వచ్చిన జీఎం వి8 ఇంజిన్ల ఎల్‌ఎస్ కుటుంబంలోని ఇంజిన్, ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సు, నాలుగు చక్రాలకూ డిస్కులు, ఏసీ. ఇక్కడ హార్స్‌పవర్ అంకెలు పోల్చేవాళ్లకు ఒక మాట. 1971 దాకా కంపెనీలు చెప్పినది సైలెన్సర్, ఫ్యాను లాంటివి తగిలించకుండా బెంచి మీద కొలిచిన గ్రాస్ లెక్క. 1972 నుంచి అన్నీ తగిలించి కొలిచిన నెట్ లెక్క. కాబట్టి పాత 325, ఇప్పటి 325 ఒకటి కావు.

మా వాడికి నేను చెప్పింది ఒకటే, విప్పి మళ్లీ పాతది బిగించగలిగే మార్పులైతే ఎన్నైనా చేసుకో, గ్యాస్ కట్టర్ పట్టుకునేముందు మాత్రం ఒక వారం ఆగు. కె కోడ్ మస్టాంగ్‌లాంటిది దొరికితే కోయడం పాపం. పుట్టుక తేలని మాలిబూకి ఆ బెంగ లేదు, మార్పులకు ఇంతకన్నా మంచి బండి ఉండదు. అయితే వరస బ్రేకులతో మొదలవ్వాలి. 1967కి ముందు చాలా బళ్లలో, బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ ఒకే గది. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. అలాంటి బండికి 400 హార్స్‌పవర్ ఇంజిన్ ముందు వేసి బ్రేకులు తర్వాత చూద్దామనేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

మన దగ్గర ఇలాంటి బండి ఉన్నవాళ్లకు లెక్క ఇంకోలా ఉంటుంది. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించింది, స్వాతంత్ర్యం వచ్చాక ప్రీమియర్ కంపెనీ డాడ్జ్, ప్లిమత్, డిసోటోలను అక్కడే బిగించింది. కుడివైపు స్టీరింగ్ ఉన్న ఆ బళ్లను డెట్రాయిట్ చార్టులు ముందేసుకుని చదివితే తప్పులే వస్తాయి. పైగా 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాలుండే వింటేజ్ నంబరు తీసుకోవాలంటే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అమెరికాలో లక్షలు పలికే రెస్టోమాడ్‌కి ఇక్కడ ఆ నంబరు దక్కదు.

మా వాడి షెవెల్ ఇప్పుడు గ్యారేజీలో స్టాండ్ల మీద ఉంది. గ్రిల్ మధ్య బ్యాడ్జి ఉంచాలా తీసేయాలా అని ఇంట్లో వాదన. రంగు మాత్రం మా మరదలు తేల్చేసింది, సీటు కింద చూసిన ఆ పచ్చే కావాలట. కిందటి నెల పెట్రోల్ పైపులు మార్చడానికి ట్యాంకు దించారు. దాని నెత్తిన గోధుమ రంగుకి తిరిగిన కాగితం ఒకటి అతుక్కుని ఉంది. బిల్డ్ షీటే. వాడు రాత్రి పదకొండింటికి వీడియో కాల్ చేసి, రెండు చేతుల్లో అప్పడంలా పట్టుకుని చూపించాడు. సగం ఎలుకలు తినేశాయి. మిగిలిన ముక్కలో పెయింటు గడి ఉంది, 57 అని చక్కగా కనిపిస్తోంది. ఇంజిన్ గడి ఉండాల్సిన చోట ఎలుక పళ్ల గుర్తులున్నాయి.